కోసిన దవడ, పెట్టుడు గడ్డం: ముఖ శస్త్రచికిత్సలో రెండు పాయల చరిత్ర

మన దేశంలో ముఖ శస్త్రచికిత్స చరిత్రను ఎవరు రాసినా సుశ్రుతుడి నాసికా పునర్నిర్మాణంతో మొదలుపెడతారు. అది న్యాయమే. కాని ముక్కు కథ ప్రధానంగా చర్మం కథ. దవడ కథ ఎముకది, పలువరుసది. దాని పుట్టుక వేరు, పెరిగిన చోటు వేరు. దవడ ఎముకను కోసి సరిచేయడం, ముఖం లోపల బయటి పదార్థాన్ని అమర్చడం అనే రెండు పద్ధతులను ఇవాళ ఒకే రోగికి కలిపి చేస్తున్నారు. అందువల్ల ఇవి ఒకే శాస్త్రంలోని రెండు మెట్లనిపిస్తాయి. నిజానికి ఇవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులుగా పుట్టాయి. చాలాకాలం రెండోది మొదటిదాని స్థానాన్ని ఆక్రమించింది కూడా. ఆ సంగతిని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వర్జీనియాలోని వీలింగ్ పట్టణంలో వైద్యం చేసిన సైమన్ హల్లిహెన్ 1849లో ఒక 20 ఏళ్ళ యువతి చికిత్సను దంతవైద్య పత్రికలో ప్రకటించాడు. చిన్ననాడు ఆమె మెడ, ముఖం కింది భాగం కాలిపోయాయి. ఆ మచ్చ బిగుసుకుని ఏళ్ళ తరబడి లాగడంవల్ల కింది దవడ ముందుకు సాగిపోయింది. హల్లిహెన్ దవడ ఎముకలో కొంత భాగం తీసివేసి, ముందు పళ్ళతో సహా ఆ భాగాన్ని వెనక్కి జరిపాడు. తరువాత మచ్చను కోసి మెడను విడిపించి, చివరకు కింది పెదవిని సరిచేశాడు. దవడ సవరణ శస్త్రచికిత్సకు దీనినే ఆదిగా చెబుతారు. ఇక్కడ అసలు సమస్య రూపం ఒక్కటే కాదు, నోరు. 1890ల చివర సెయింట్ లూయిస్‌లో విల్రే బ్లెయిర్ కింది దవడను కోసినప్పుడూ పక్కన పళ్ళ అమరిక నిపుణుడు ఎడ్వర్డ్ ఆంగిల్ ఉన్నాడు. పై పళ్ళూ కింది పళ్ళూ ఎక్కడ కలుస్తాయన్నదే ఈ పాయకు మూలప్రశ్న.

రెండో పాయ మూలప్రశ్న పక్కనుంచి చూస్తే ముఖం ఎలా కనిపిస్తుందన్నది. 1899 ప్రాంతంలో వియన్నాలో రాబర్ట్ గెర్సూనీ ప్రారంభించిన పారఫిన్ ఇంజెక్షన్లు త్వరలోనే ముఖానికీ వ్యాపించాయి. ఆ పారఫిన్ పెట్టినచోట ఉండేది కాదు. గడ్డలు కట్టేది, జారేది. తరువాతి కాలంలో మార్ల్‌బరో డచెస్ అయిన గ్లాడిస్ డీకన్ ముక్కు కోసం ఎక్కించుకున్న పారఫిన్ గడ్డం దాకా జారిందని ఆమె జీవిత చరిత్రకారులు చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత సిలికోన్ వచ్చింది. అది జారే ద్రవం కాదు, ఆకారం నిలిచే ముక్క. చిన్న కోత, కొద్దిసేపటి పని. మరోవైపు దవడ కోయించుకున్న రోగి పై పళ్ళనూ కింది పళ్ళనూ తీగలతో కట్టించుకుని వారాల తరబడి ద్రవాహారంతో గడపవలసి వచ్చేది. దీనితో కింది దవడ మొత్తం వెనకబడినవారికి కూడా గడ్డం ముందు ఒక సిలికోన్ ముక్క పెట్టి పంపడం సులభమార్గమైంది. పక్కరూపు కుదిరింది, పళ్ళు కలవని నోరు అలాగే మిగిలింది.

తెలియక జరిగిన పొరపాటుగా దీన్ని కొట్టివేయలేం. తలను స్థిరంగా నిలిపి పక్కనుంచి ఎక్స్‌రే తీసి కొలిచే పద్ధతిని అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్‌రాత్ 1931లోనే ప్రకటించారు. వెనకబడింది గడ్డమా, దవడా అని తేల్చే సాధనం ఉంది. ఆ కొలత పళ్ళ వైద్యుల గదిలో ఉంది, సిలికోన్ ముక్క ప్లాస్టిక్ సర్జన్ల గదిలో ఉంది. 1969లో రాబిన్సన్, షూకెన్ గడ్డం ఇంప్లాంట్ కింద ఎముక అరిగిపోతున్నట్టు ఎక్స్‌రేల ఆధారంగా చూపించిన తరువాతే ఆ సులభమార్గంపై గట్టి అనుమానం మొదలైంది.

తెలుగులో ‘కట్టుడు పళ్ళు’, ‘పెట్టుడు మీసం’ అంటాం. ఆ ‘పెట్టుడు’లో తనది కాదన్న సూచన ఉంది. ఇంప్లాంట్‌కు సరైన తెలుగు మాట కుదరకపోవడానికి ఇదొక కారణమేమో. శరీరం కూడా ఆ తేడాను మరిచిపోదని 1969 నాటి ఆ పరిశీలన చెప్పినట్టయింది.

రెండు పాయలు దగ్గరపడటానికి కారణం మొదటిది సులభం కావడమే. 1957లో ట్రౌనర్, ఓబ్వెగెసర్ నోటి లోపలి నుంచే కింది దవడను రెండు పొరలుగా చీల్చి జరిపే పద్ధతిని ప్రకటించారు. ఓబ్వెగెసర్ అంతకుముందు ఇంగ్లండులో హెరాల్డ్ గిల్లీస్ దగ్గర ప్లాస్టిక్ సర్జరీ చూసి వచ్చినవాడు. రెండు గదుల మధ్య తలుపు తెరిచినవారిలో అతనిది ముందు పేరు. పై దవడకు మరో దారి ఉంది. దెబ్బ తగిలితే ముఖం ఎముకలు ఏ రేఖల వెంట విరుగుతాయో రెనే లెఫోర్ట్ 1901లో శవాలపై ప్రయోగాలతో చెప్పాడు. 1927లో వాస్‌మండ్ ఆ కింది రేఖ వెంటే కోశాడు. విరుగుడు రేఖే వైద్యరేఖ కావడం విచిత్రమే. అలా కోసిన ఎముకకు రక్తప్రసరణ నిలుస్తుందని విలియం బెల్ కోతులపై చేసిన పరిశోధనలు 1970ల మధ్యకల్లా ధైర్యమిచ్చాయి. చిన్న లోహపు పలకలు, మరలు వచ్చాక పళ్ళను వారాల తరబడి తీగలతో కట్టవలసిన అవసరం చాలావరకు తగ్గింది.

ఇంప్లాంట్ మళ్ళీ అవసరపడింది కూడా ఆ కోతరేఖవల్లనే. ఆ రేఖ చెంప ఎముకల కింద నుంచి పోతుంది. పై దవడను ముందుకు తెచ్చినా కంటి కింది భాగం, చెంపలు ఉన్నచోటే ఉంటాయి. అంతకుముందు కనిపించని పల్లం అప్పుడు కనిపిస్తుంది. కింది దవడ మూలల్లోనూ, ఎముక చీల్చి జరిపినచోట కింది అంచులోనూ ఒక్కోసారి లోటు మిగులుతుంది. 1980ల నుంచి వాడుకలోకి వచ్చిన, సన్నని రంధ్రాల్లోకి కణజాలం పెరిగే పాలిఎథిలీన్, ఆపైన సిటి స్కాన్ ఆధారంగా రోగి ముఖానికే తయారుచేసే ముక్కలు ఈ లోటు పూడ్చడానికి వాడుతున్నారు. ఎముక చేయగలిగినంత చేశాక మిగిలిన పని ఇప్పుడు ఇంప్లాంట్‌ది. ఇది స్థానంలో వచ్చిన మార్పే గాని పదార్థంలో వచ్చిన మార్పు మాత్రమే కాదు.

రెంటినీ ఒకే విడతలో చేయాలా అన్నదానిపై వాదం ముగియలేదు. నోటి కోతలో సూక్ష్మజీవులు తప్పవు. బయటి పదార్థానికి అవి పడితే తీసివేయవలసి రావచ్చు. పైగా దవడ కొత్తచోట కుదురుకుని వాపు తగ్గేదాకా ఎంత లోటు మిగిలిందో కచ్చితంగా తెలియదు. రోగికి రెండోసారి మత్తు, ఖర్చు తప్పించాలన్నది ఎదుటి వాదం. గడ్డం దగ్గర మాత్రం తూకం వేరు. హోఫర్ 1942లో శవంపై చూపి, తరువాత ఓబ్వెగెసర్ నోటి లోపలి నుంచి చేసిన పద్ధతిలో రోగి గడ్డపు ఎముకనే కోసి ముందుకు జరుపుతారు. దానితోపాటు నాలుక అడుగు కండరాలూ ముందుకు వస్తాయి. ఎముకపై అతికించిన ముక్క ఆ కండరాలను కదిలించలేదు.