కుందేలు కంటి నుంచి పెంచిన చర్మం దాకా

1930ల మొదట్లో అమెరికాలో 'లాష్ లూర్' అనే కనురెప్పల రంగు బాగా అమ్ముడయ్యేది. అందులో ఉన్నది పారాఫెనిలిన్ డయామిన్. ఇప్పటికీ జుట్టు రంగుల్లో వాడుతున్న రసాయనమే అది. ఆ రంగు వేయించుకున్న ఒక మహిళకు చూపు పోయింది, ఇంకొకామెకు ప్రాణమే పోయింది. అప్పటికి అమల్లో ఉన్నది 1906 నాటి చట్టం. ఆహారాన్నీ మందులనూ దాటి సౌందర్య సాధనాల జోలికి వెళ్లే అధికారం అది అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ఇవ్వలేదు. 1937లో డైఎథిలీన్ గ్లైకాల్‌లో కలిపిన సల్ఫానిలమైడ్ సిరప్ తాగి వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మరుసటి ఏడాదే కొత్త చట్టం వచ్చింది.

జంతువుల మీద భద్రతా పరీక్షల చరిత్ర రాసేవాళ్లు ఈ మరణాలను దాటేయకూడదు. ఆ పరీక్షలు పుట్టింది మనుషులను కాపాడాలన్న తపనలోంచే.

1944లో ఎఫ్‌డీఏ శాస్త్రవేత్త జాన్ డ్రేజ్, మరో ఇద్దరితో కలిసి ఒక పద్ధతి ప్రచురించాడు. తెల్ల కుందేలు ఒక కంట్లో 0.1 మిల్లీలీటరు ద్రవం వేస్తారు. రెండో కంటిని పోల్చి చూసేందుకు అలాగే వదిలేస్తారు. గంట తర్వాత ఒకసారి, ఆపైన 24, 48, 72 గంటలకు పరీక్షించి మార్కులు వేస్తారు. మొత్తం 110 మార్కుల్లో కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాకే 80. కార్నియా ఎంత మసకబారింది, ఆ మసక ఎంత మేర పరుచుకుంది, రెప్ప లోపలి పొర ఎంత ఎర్రబడి వాచింది అన్నవన్నీ కంటితో చూసి వేసే అంచనాలే. కుందేలును ఎంచుకున్నదీ దాని కళ్లు పెద్దవి, అది సాధు జంతువు, చవగ్గా దొరుకుతుంది అన్న కారణాలతోనే. మనిషి కంటికి దాని కన్ను ఎంత దగ్గర అన్న ప్రశ్నను ఎవరూ కొలిచి తేల్చలేదు.

కంటితో చూసి వేసే ఆ అంచనాల లోటు 1971లో బయటపడింది. కారల్ వైల్, రాబర్ట్ స్కాలా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒకే రకం రసాయనాలను ఇరవైకి పైగా ల్యాబ్‌లకు పంపి, కుందేళ్ల మీద పరీక్షించి చెప్పమన్నారు. ఒక ల్యాబ్ ప్రమాదం లేదన్న పదార్థాన్నే ఇంకో ల్యాబ్ తీవ్రంగా మండించేదిగా లెక్కకట్టింది. పాతికేళ్లకు పైగా ఎన్నో సీసాల మీద హెచ్చరికలను నిర్ణయించిన కొలబద్ద చేతికో రకంగా కొలుస్తోందన్నమాట. కుందేళ్ల బాధ ఒక అన్యాయమైతే, ఆ బాధతో రాబట్టిన అంకెలు కూడా నమ్మదగ్గవి కాకపోవడం అంతకు మించిన అన్యాయం.

అయినా పద్ధతి కదల్లేదు. దాన్ని కదిలించిన వారిలో మొదట చెప్పుకోవలసింది న్యూయార్క్ బడిపంతులు హెన్రీ స్పైరా గురించే. ఒకప్పుడు ఓడల్లో పనిచేసిన మనిషి, కార్మికోద్యమాల్లో తిరిగినవాడు. 1980 ఏప్రిల్‌లో ఆయన న్యూయార్క్ టైమ్స్‌లో నిండు పేజీ ప్రకటన వేయించి, అందం కోసం ఎన్ని కుందేళ్ల కళ్లు పోగొడుతున్నారని రెవ్లాన్ కంపెనీని పేరుపెట్టి నిలదీశాడు. ఆయన అడిగింది పరీక్షలు రేపే ఆపమని కాదు, ప్రత్యామ్నాయం వెతకడానికి డబ్బు పెట్టమని. ఆ ఏడాది చివరికి రెవ్లాన్ ఆ పరిశోధనకు రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి 7,50,000 డాలర్లు ప్రకటించింది. 1981లో సౌందర్య సాధనాల పరిశ్రమ సొమ్ముతోనే జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రత్యామ్నాయాల కేంద్రం మొదలైంది. అదే 1981లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) డ్రేజ్ పరీక్షను అంతర్జాతీయ మార్గదర్శకంగా స్వీకరించింది కూడా.

డబ్బు సరే, కుందేలు స్థానంలో పెట్టేది ఏది? దానికి జవాబు వేరే పనిలో ఉన్నవాళ్ల దగ్గర అప్పటికే తయారవుతోంది. అమెరికాలోని ఎంఐటీలో హోవర్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ ఎలుక కణితి కణాలను పరిశీలిస్తూ, వాటి మధ్య చర్మంలాంటి కణాలు గుంపులుగా పెరగడం గమనించారు. ఆ దారి పట్టుకుని మనిషి చర్మ కణాలను ల్యాబ్‌లో పెంచే పద్ధతిని 1975లో ప్రకటించారు. 1983లో ఒళ్లు దాదాపు పూర్తిగా కాలిపోయిన ఇద్దరు చిన్నపిల్లలకు, వాళ్ల సొంత చర్మం ముక్క నుంచి పెంచిన పొరలనే బోస్టన్‌లో అతికించారు. ఇద్దరూ బతికారు. కాలిన ఒంటిని కప్పడానికి నేర్చుకున్న ఆ విద్యే తర్వాత రసాయనాల పరీక్షకు పనికొచ్చింది.

ఆ పరీక్ష జరిగే తీరు చూడండి. ఆపరేషన్లలో తీసేసిన చర్మం నుంచి వేరుచేసిన కణాలను సన్నటి పొర మీద పరిచి, మొదట పోషక ద్రవంలో ముంచి ఉంచుతారు. తర్వాత పైభాగాన్ని గాలికి వదిలి, ద్రవాన్ని అడుగు నుంచి మాత్రమే అందిస్తారు. గాలి తగలగానే కణాలు ఇటుకల వరసల్లా ఒకదానిపై ఒకటి పేర్చుకుని, పైన మన ఒంటి మీద ఉన్నట్టే గట్టి పొర కడతాయి. చూడటానికి అది చొక్కా గుండీ అంత బిళ్ల. దాని మీద రసాయనం వేసి, పద్ధతిని బట్టి 15 నిమిషాలో గంటో ఉంచి కడిగేసి, 42 గంటలు ఆగుతారు. ఆ తర్వాత ఎంటీటీ అనే పసుపు రంగు ద్రావణంలో పెడతారు. బతికున్న కణాలు ఆ పసుపును ఊదా రంగులోకి మారుస్తాయి, చనిపోయినవి మార్చలేవు. ఊదా ఎంత చిక్కగా ఉందో యంత్రం కొలుస్తుంది. బతికిన కణాలు సగానికి మించకపోతే ఆ రసాయనం చర్మానికి హాని చేసేదే. 'కాస్త ఎర్రబడింది', 'బాగా ఎర్రబడింది' అన్న తగువుకు ఇక చోటులేదు.

ప్రభుత్వాలను ఒప్పించడం మాత్రం ల్యాబ్ పనికంటే కష్టమైంది. ఇటలీలోని ఇస్ప్రాలో 1991లో యూరప్ ప్రత్యామ్నాయ పద్ధతుల నిర్ధారణకు ఒక కేంద్రం పెట్టింది. కంటి పరీక్షకు ప్రత్యామ్నాయంగా 60 రసాయనాలతో తొమ్మిది పద్ధతులను సరిచూసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1995లో వచ్చాయి. కుందేలును పూర్తిగా తప్పించే స్థాయికి ఒక్కటీ రాలేదు. కొత్త పద్ధతులకు లోపాలున్న మాట నిజమే. కానీ వాటిని సరిపోల్చింది ఆ పాత కుందేలు మార్కులతోనే. నిలకడలేని కొలబద్దతో కొలిస్తే ఏ కొత్త వస్తువు సరిగ్గా తూగుతుంది?

చర్మం విషయంలో దారి ముందు తెరుచుకుంది. రసాయనం చర్మాన్ని కాల్చేస్తుందా అని తేల్చే కణజాల పరీక్షను ఓఈసీడీ 2004లో, మంట పుట్టిస్తుందా అని తేల్చేదాన్ని 2010లో ఆమోదించింది. కంటికి అలాంటి నమూనా 2015లో వచ్చింది. ఈలోగా చట్టాలూ తోసుకొచ్చాయి. జంతువుల మీద పరీక్షించిన సౌందర్య సాధనాల అమ్మకాన్ని యూరప్ 2013 మార్చిలో పూర్తిగా ఆపేసింది. 2014లో భారతదేశం ఆ పరీక్షలనూ, అలా పరీక్షించిన దిగుమతులనూ నిషేధించింది. 2023లో కొత్త మందుల నియమాలను సవరించి, కణ నమూనాలకూ చిప్‌ల మీద పెంచే అవయవాలకూ చోటు కల్పించింది.

కణాలు చెప్పలేనివి ఇంకా చాలా ఉన్నాయి. నెలల తరబడి ఒంట్లోకి వెళ్లే పురుగుమందు ఏం చేస్తుంది, కాలేయంలో మారాక ఏ విషం అవుతుంది, కడుపులో బిడ్డకు ఏమవుతుంది అన్నవాటికి ఒక్క బిళ్ల చర్మం జవాబివ్వదు. వైద్య పరిశోధనలోనూ అంతే. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ, కణ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి తయారుచేసిన త్రీడీ ప్రింటింగ్ కార్నియాను 2022లో ముందు కుందేలు కంటికే అమర్చారు.

అయినా చేయగలిగిన పని ఆ ఊళ్లోనే కనిపిస్తోంది. సున్నమో యాసిడో పడి కార్నియా దెబ్బతిన్నవాళ్లకు ఎల్వీ ప్రసాద్ వైద్యులు 2001 నుంచి రోగి కంటి మూలకణాలనే పెంచి అతికిస్తూ వచ్చారు. అలా చికిత్స చేసిన 200 కళ్ల వివరాలు 2011లో ప్రచురించారు. మరోపక్క పరీక్షల కోసం పెంచిన కణజాలాన్ని ఐస్ ప్యాకుల్లో పెట్టి విదేశాల నుంచి పంపితే, కొద్ది రోజుల్లోనే వాడేయాలి. మనిషి కంటి కణాలను పెంచి చూపు తెప్పించగలిగిన నగరం, బల్క్ డ్రగ్ పరిశ్రమకు పేరుమోసిన నగరం, ఆ బిళ్లలను తానే తయారుచేసి తన పక్కనే ఉన్న ఫ్యాక్టరీల రసాయనాలను వాటి మీద పరీక్షించుకోవాలి. ఆ విద్య తెలిసినవాళ్లు అక్కడే ఉన్నారు.