లంబసింగి మలుపులు

ఈ జనవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున నాలుగు గంటలకు మన బడి గేటు ముందు పదకొండు మోటారు సైకిళ్లు పోగయ్యాయి. అన్నీ మన పూర్వ విద్యార్థులవే. అందులో రెండు పాత బుల్లెట్లు. కుడికాలి వైపు గేరు, ఎడమకాలి వైపు బ్రేకు ఉన్న రకం. ఒక యెజ్డీ కూడా ఉంది, దాన్ని స్టార్టు చేయడానికే పావుగంట పట్టింది. మంకీ క్యాపు మీద హెల్మెట్ ఎక్కని ఒక మిత్రుడి అవస్థ చూసి నవ్వుకుంటూనే బయల్దేరాం. నర్సీపట్నం దాటి, డౌనూరు దాటి, లంబసింగి ఘాట్‌ ఎక్కి చింతపల్లి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి. ఏటా చలికాలంలో మేం చేసే ప్రయాణమే ఇది.

ఈ వ్యాసం మా ప్రయాణం గురించి కంటే ఆ రోడ్డు గురించి.

ముప్పయ్యేళ్లుగా రోడ్లు గీసి, వేసి బతుకుతున్నవాణ్ని కాబట్టి మలుపు కనిపిస్తే నా బుర్రలో లెక్కలు మొదలవుతాయి. నర్సీపట్నం సముద్రమట్టానికి వంద మీటర్లు కూడా ఉండదు. లంబసింగి దాదాపు 1000 మీటర్లు. అంటే 900 మీటర్లకు పైగా ఎక్కాలి. కొండరోడ్డుకు మామూలుగా పెట్టుకునే వాలు ఇరవైకి ఒకటి. ఆ లెక్కన ఎక్కడానికే 18 కిలోమీటర్లు కావాలి. కొండ నిటారుగా ఉంటే అంత పొడవు తిన్నగా ఎక్కడ దొరుకుతుంది? అందుకే రోడ్డు వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు తిరిగి, కొండను చుట్టుకుంటుంది. హెయిర్‌పిన్ మలుపు లోపలి వ్యాసార్థం కనీసం 14 మీటర్లు ఉండాలని ఇప్పటి నిబంధన. మలుపులో వాలు నలభైకి ఒకటి మించకూడదు, బండి బయటికి తూలిపోకుండా రోడ్డును లోపలివైపు వంచాలి. మోటారు సైకిలు మీద వెళ్లేవాడికి ఇవేవీ తెలియనక్కర్లేదు. ఒళ్లు దానంతటదే లోపలికి వాలుతుంది. ఆ సుఖం కోసమే కదా ఇంత చలిలో లేచి వచ్చేది!

మరి ఈ రోడ్డును మొదట ఎవరు తవ్వారు?

పదో తరగతిలో మన సోషల్ మాస్టారు రంప పితూరీకి కారణాలు వరసగా చెప్పించేవారు: 1882 నాటి మద్రాసు అటవీ చట్టం, పోడు మీద ఆంక్షలు, ముఠాదారుల అసంతృప్తి, వెట్టిచాకిరి. నాలుగు మార్కుల ప్రశ్న, కారణానికో మార్కు. వెట్టిచాకిరి అని రాసి మార్కు తెచ్చుకున్నవాళ్లమే కానీ, ఆ వెట్టి జరిగింది మన విహారయాత్ర బస్సులో కిటికీలోంచి వాంతులు చేసుకున్న ఈ రోడ్డు మీదేనని మాలో ఎవరికీ తట్టలేదు. మాస్టారు చెప్పే ఉంటారు, మేమే వినలేదేమో.

నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయించే పనిని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేతిలోకి తీసుకున్నాడు. మన్యం జనాన్ని బలవంతంగా పనికి తెచ్చి, కూలి సరిగ్గా ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. యంత్రాలు లేని రోజులు. చెట్టు నరకడం, బండ పగలగొట్టడం, మట్టి మోయడం అంతా మనిషి చేతులతోనే. ఇంజనీరుగా చెబుతున్నాను, కొండరోడ్డులో అసలు శ్రమ పైన కనిపించే రోడ్డుది కాదు, దాన్ని నిలబెట్టడానికి కొండను కోసే పనిది. గాం గంటం దొర, గాం మల్లు దొర సోదరులు బాస్టియన్‌తో తలపడింది ఈ నేపథ్యంలోనే. వాళ్లు అల్లూరి సీతారామరాజుకు ముఖ్య అనుచరులయ్యారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, కొండల మీదుగా నడిచి. తీసుకెళ్లిన ఆయుధాల లెక్క స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారు. పెట్రోలు నింపుకుని, రెండుసార్లు టీ తాగి, ఒక్క చింతపల్లి వెళ్లి రావడానికే మాకు రోజంతా పట్టింది.

ఆ సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు రాజు మనుషుల చేతిలో చనిపోయారు. మా భాషలో దృష్టి దూరం అని ఒక మాట ఉంది, డ్రైవరుకు ముందు ఎంత మేర కనిపిస్తుంది అని. మలుపు తిరిగే కొండదారిలో అది చాలా తక్కువ. పైన పొదలో కూర్చున్నవాడికి మాత్రం కింద దారంతా కనిపిస్తుంది.

1924 మేలో రాజును కాల్చి చంపారు, ఆ తర్వాతి నెలలో గంటం దొరను. మల్లు దొర జైలుశిక్ష అనుభవించి బతికి బయటపడ్డాడు. 1952 మొదటి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ ఒక్క సంగతి మన పాఠంలో ఉండి ఉంటే నేను ఇంకాస్త శ్రద్ధగా వినేవాణ్నేమో!

ఇక ఆ రోజు సంగతి. చెరువులవేనం దగ్గర మబ్బులు కాళ్ల కింద పరుచుకుని ఉండగా సూర్యోదయం చూశాం. లంబసింగిని స్థానికులు కొర్రబయలు అని కూడా అంటారు. బయట పడుకుంటే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. నా వేళ్లు ఆ పేరును రుజువు చేశాయి, క్లచ్ పట్టుకోవడానికి రాలేదు. తాజంగి దాటాక ఒక మలుపులో రోడ్డు మీద ఆరబోసిన చోళ్లు తప్పించబోయి మన మిత్రుడు ఒకడు మంచు తడి మీద జారాడు. మోచేయి గీసుకుపోయింది, అద్దం విరిగింది, అంతే. చోళ్లు చెదిరాయని అతను తెగ నొచ్చుకుంటుంటే, ఆ గింజలు పోగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తి, "దెబ్బ తగల్లేదు కదా బాబూ, ఈ రోడ్డు మా తాతలు తవ్విందే, నెమ్మదిగా ఎళ్లండి" అన్నాడు.

పదకొండు మందిమీ బళ్లు ఆపి, హెల్మెట్లు తీసి, ఆయనతో కలిసి చోళ్లు ఎత్తాం. అరగంట పట్టింది. చింతపల్లి చేరేసరికి ఆలస్యమై, తిరుగుదారిలో కృష్ణదేవిపేట వెళ్లి రాజు సమాధి చూద్దామనుకున్నది కుదరలేదు.

వచ్చే డిసెంబరులో మళ్లీ వెళ్తున్నాం. ఈసారి కృష్ణదేవిపేట ముందు, లంబసింగి తర్వాత. రాదలచినవారు సంఘం కార్యాలయంలో పేరు ఇవ్వండి. హెల్మెట్ తప్పనిసరి. పందేలు వేసుకునేవారు వేరే రోడ్డు చూసుకోవాలి.