మూడున్నర రూపాయల మాస్కు, ఊరికే ఇచ్చిన మాస్కు

ఈ సంచిక కోసం పాత మినిట్స్ పుస్తకాలు తిరగేస్తుంటే 2020 ఏప్రిల్ నెల పేజీలు చాలావరకు ఖాళీగా కనిపించాయి. లాక్‌డౌన్‌లో సమావేశాలు జరగలేదు కాబట్టి అందులో వింతేమీ లేదు. రాసిన ఒకటి రెండు చోట్ల మాత్రం ఒకే వాక్యం ఉంది. “సంఘ సభ్యులు మాస్కులు కుట్టి పంపిణీ చేయడమైనది.” అంతే. ఎవరు కుట్టారో, బట్ట ఎవరిదో, కూలి ముట్టిందో, ఊరికే ఇచ్చారో ఏమీ లేదు. వంద రూపాయలు అప్పిచ్చినా తేదీ వేసి, వేలిముద్రో సంతకమో తీసుకునే వాళ్ళం మనం. అలాంటిది రాత్రింబవళ్ళు మిషను తొక్కిన పనిని ఒక్క వాక్యంతో సరిపెట్టేశాం. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా రాయాలనిపించింది.

బట్టతో ముక్కూ నోరూ కట్టుకోవడం కరోనాతో మొదలైంది కాదు. 1910 చివర్లో చైనా ఉత్తరాన ఉన్న మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చింది. దాన్ని అదుపు చేయడానికి వూ లియెన్ తె అనే యువ డాక్టరును హార్బిన్ పట్టణానికి పంపారు. జబ్బు గాలి ద్వారా, ఎదుటి మనిషి దగ్గు నుంచి వస్తోందని ఆయన గట్టిగా చెప్పాడు. కట్లు కట్టే గాజు గుడ్డ మడతల మధ్య దూది పెట్టి, తల వెనక ముడి వేసుకునే మాస్కు తయారు చేయించాడు. ఎవరైనా చేసుకోగలిగినదే, ఖర్చూ తక్కువే. ఆయన మాట నమ్మని ఒక ఫ్రెంచి డాక్టరు, మెనీ అనే ఆయన, మాస్కు లేకుండా రోగుల దగ్గరకు వెళ్ళి కొద్ది రోజులకే అదే జబ్బుతో చనిపోయాడు. ఆ తర్వాత ఊళ్ళో మాస్కు గురించి ఎవరికీ వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. అయినా ఆ ప్లేగులో దాదాపు 60 వేల మంది పోయారు.

1918లో పెద్ద ఫ్లూ వచ్చినప్పుడు అమెరికాలో రెడ్‌క్రాస్ ఆడవాళ్ళు బల్లల చుట్టూ కూర్చుని గాజు గుడ్డతో మాస్కులు చేశారు. అప్పటికే వాళ్ళు యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం కట్టుగుడ్డలు చుడుతున్నారు. అవే చేతులు, అదే గుడ్డ, పని మాత్రం మారింది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఆ అక్టోబరులో మాస్కు తప్పనిసరి చేస్తే, రెడ్‌క్రాస్ ఒక్కోటి పది సెంట్లకు అమ్మింది. ఆ ఆడవాళ్ళ ఫోటోలు ఈనాటికీ ఉన్నాయి. తెల్ల గౌన్లు, తల మీద గుడ్డ, ముందు మాస్కుల గుట్ట. ఫోటోల కింద ఎక్కువగా “రెడ్‌క్రాస్ కార్యకర్తలు” అనే ఉంటుంది, పేర్లు ఉండవు. మన పుస్తకంలో “సంఘ సభ్యులు” అని రాసినట్టే. ఆ ఫ్లూ మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది.

ఇక మన కాలానికి వస్తే, 2020 మార్చి 13న కేంద్రం మాస్కులను నిత్యావసర వస్తువుల్లో చేర్చింది. అప్పటికే మందుల షాపుల్లో మాస్కులు దొరకడం లేదు, దొరికినా ధర చెప్పనలవి కాదు. 21న సర్జికల్ మాస్కుకు ధర కట్టారు. రెండు పొరలది 8 రూపాయలు, మూడు పొరలది 10 రూపాయలు మించకూడదని. మరుసటి రోజు జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. ఉన్న కాస్త సరుకూ ఆసుపత్రులకే చాలదు. అందుకే ఏప్రిల్ మొదటి వారంలో కేంద్ర ఆరోగ్య శాఖ, మామూలు జనం ఇంట్లో ఉన్న బట్టతో మాస్కు కుట్టుకుని వాడుకోవచ్చని, ఆసుపత్రి సిబ్బందికి మాత్రం ఇవి పనికిరావని చెప్పింది. ఏప్రిల్ 15 ఉత్తర్వుతో బయటికొస్తే ముఖానికి బట్ట తప్పనిసరి అయింది.

అంటే కోట్ల మందికి ఒకేసారి మాస్కు కావాలి. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. లారీలు కదలడం లేదు. అప్పుడు దేశమంతటా ఊరూరా ఉన్నది ఒక్కటే, పొదుపు సంఘాల ఆడవాళ్ళ ఇళ్ళలో కుట్టు మిషన్లు. ఆ మిషన్లు ఒక్క రోజులో రాలేదు. 1982లో డ్వాక్రా మొదలైనప్పటి నుంచి కుట్టు శిక్షణ ఎన్ని ఊళ్ళలో ఇచ్చారో! “మళ్ళీ కుట్టు మిషనేనా, ఆడవాళ్ళకు ఇంకో పని లేదా” అని మనమే ఎన్నోసార్లు విసుక్కున్నాం. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా కొట్టు మూయించిన పోరాటం తర్వాత పుట్టిన పొదుపు ఉద్యమం, 2000లో వచ్చిన వెలుగు, ఆ తర్వాత బ్యాంకు లింకేజీ అప్పులు, ఇవన్నీ కలిసి పెట్టిన సరంజామా అది. అప్పు తీసుకుని మిషను కొన్నవాళ్ళు జాకెట్లు, ఫాల్స్, స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటున్నారు. లాక్‌డౌన్‌లో పెళ్ళిళ్ళు ఆగిపోయాయి, ఆ పనీ ఆగిపోయింది. మిషను ఖాళీ, చేయి ఖాళీ, అప్పు కిస్తీ మాత్రం నెత్తి మీద ఉంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏప్రిల్ మధ్యలో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు ఇస్తామని ప్రకటించింది. బట్ట ఆప్కో నుంచి. కుట్టే పని పల్లెల్లో సెర్ప్, పట్టణాల్లో మెప్మా ద్వారా సంఘాల ఆడవాళ్ళకు. సుమారు 40 వేల మంది దర్జీ పని తెలిసినవాళ్ళకు ఉపాధి అన్నారు. కూలి మాస్కుకు మూడున్నర రూపాయలు. రోజుకు అయిదొందలు వస్తాయని పత్రికల్లో వచ్చింది.

అయిదొందలు ఎలా వస్తాయో లెక్క వేద్దాం. మూడున్నర చొప్పున అయిదొందలు రావాలంటే 143 మాస్కులు కుట్టాలి. పది గంటలు కూర్చుంటే ఒక్కో మాస్కుకు నాలుగు నిమిషాల పైన కొన్ని సెకన్లే ఉంటాయి. ఆ నాలుగు నిమిషాల్లో ఏం చేయాలి? రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పెట్టి చుట్టూ కుట్టు వేసి, లోపలిది బయటికి తిప్పి, మూడు మడతలు పెట్టి, ఇస్త్రీ తగిలించి, రెండు పక్కలా మళ్ళీ కుట్టి, నాడాలు బిగించాలి. ఒక్కరే చేస్తే కుదరదు. అత్త కత్తిరిస్తే, కోడలు కుడితే, పిల్లలు తిప్పి దారపు కొసలు తుంచితే కుదిరింది. కాబట్టి ఆ అయిదొందలు ఒక్క మనిషి కూలి అనుకోవడం తప్పు. చాలా ఇళ్ళలో అది ఇద్దరు ముగ్గురి కూలి. అయినా ఆ నెలలో చేతికి వచ్చిన ఆ డబ్బు విలువ తక్కువేం కాదు, ఇంట్లో మగవాళ్ళకు పని లేని రోజులవి.

ఎలాస్టిక్ సంగతి వేరే చెప్పాలి. షాపులు మూశారు, ఎలాస్టిక్ దొరకదు. అప్పుడు అదే బట్టలోంచి సన్నటి పట్టీలు కోసి, మడిచి కుట్టి నాడాలు చేశాం. ఒక్కో మాస్కుకు నాలుగు నాడాలు. మాస్కు కుట్టే టైము కంటే నాడా కుట్టే టైమే ఎక్కువైంది, కూలి మాత్రం అదే. ఇంకో చిక్కు, కొత్త నూలు బట్ట తడపకుండా కుడితే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి ముక్కు మీద నిలవదు. పాత చీర అయితే ఆ బాధ లేదు, ఎప్పుడో తగ్గాల్సినంత తగ్గింది. మెత్తగా ఉంటుంది, ఊపిరి ఆడుతుంది.

ఊరికే ఇచ్చిన మాస్కులు ఎక్కువగా అలా పాత నూలు చీరలతో కుట్టినవే. ఆర్డరు రాకముందు, మార్చి చివరి వారంలోనే చాలామంది మొదలుపెట్టారు. మొదట ఇంట్లోవాళ్ళకి, తర్వాత ఆశా కార్యకర్తకి, పారిశుధ్య కార్మికులకి, రేషను దుకాణం దగ్గర వరసలో నిలబడ్డ ముసలివాళ్ళకి. దీనికి ఎవరూ చెప్పలేదు, ఎవరూ కూలి అడగలేదు. దేశం మొత్తం మీద కూడా అదే తీరు. 2020 ఏప్రిల్ రెండో వారానికే 27 రాష్ట్రాల్లో 20 వేలకు పైగా సంఘాలు కోటీ 90 లక్షల మాస్కులు తయారు చేశాయని ప్రపంచ బ్యాంకు రాసింది. కేరళలో కుడుంబశ్రీ ఆడవాళ్ళూ కుట్టారు, అక్కడి జైళ్ళలో ఖైదీలూ కుట్టారు. ఆ కోటీ 90 లక్షల్లో కూలికి కుట్టినవెన్ని, దానంగా ఇచ్చినవెన్ని అని ఆ ఒక్క అంకె చెప్పదు.

నాకు గుచ్చుకునేది ఇదే. కూలికి కుట్టినదాన్ని “సేవ” అని సన్మానంలో చెప్పారు. శాలువా కప్పారు. సేవ అన్నాక బిల్లు ఎప్పుడొస్తుందని అడగడానికి నోరు రాదు. ఆలస్యమైనా, నాడా పనికి విడిగా లెక్క కట్టకపోయినా “దేశం కోసం కదమ్మా” అంటే తల వంచుకుని వచ్చేశాం. అటు నిజంగా దానంగా ఇచ్చిన చీరల మాస్కులు ఏ రిపోర్టులోకీ ఎక్కలేదు, ఎందుకంటే వాటికి ఆర్డరు నంబరు లేదు. రెండూ ఒకే వాక్యంలో కలిపేసరికి పని చేసినామె కూలీ మసకబారింది, ఇచ్చినామె దానమూ మసకబారింది.

ఆ బట్ట మాస్కులు పనికొచ్చాయా అని ఇప్పుడు కొందరు అడుగుతున్నారు. నిజం చెప్పుకోవాలి. బంగ్లాదేశ్‌లో 600 ఊళ్ళలో పెద్ద పరిశీలన చేశారు. సర్జికల్ మాస్కు పంచిన ఊళ్ళలో జబ్బు తగ్గినట్టు స్పష్టంగా తేలింది, బట్ట మాస్కు పంచిన ఊళ్ళలో అంత స్పష్టంగా తేలలేదు. మన మాస్కు సర్జికల్ మాస్కుతో సమానమని మనమూ అనలేదు. అది దొరకని నెలల్లో, ఆసుపత్రి వాళ్ళ వాటా మనం లాక్కోకుండా ఉండడానికి కుట్టింది అది. వేసవి దాటాక మంచి మాస్కులు షాపుల్లోకి వచ్చాయి, మన మిషన్లు మళ్ళీ జాకెట్ల మీదికి వెళ్ళాయి.

ఇప్పటికీ చాలామందికి అన్నీ గుర్తున్నాయి. ఎవరింట్లో బట్ట కోశారో, ఎవరి చీర పోయిందో, ఎవరికి ఎంత ముట్టిందో అడిగితే వరసగా చెబుతారు. వచ్చే నెల గ్రామ సంఘం సమావేశానికి 2020 నాటి మినిట్స్ పుస్తకం తీసుకురండి. ఆ ఖాళీ పేజీలో రెండు గళ్ళు గీద్దాం. ఒకదాంట్లో కూలికి కుట్టినవాళ్ళ పేర్లు, ఎన్ని కుట్టారు, ఎంత వచ్చింది. రెండోదాంట్లో ఊరికే ఇచ్చినవాళ్ళ పేర్లు, ఎవరికిచ్చారు. రెండు గళ్ళలోనూ ఉండే పేరైతే రెండుచోట్లా రాయండి. ఆ రోజు కోసిపెట్టిన అత్త పేరూ, కొసలు తుంచిన పిల్ల పేరూ మరిచిపోకండి.