మెరుపుకూ మెరుపుకూ మధ్య

తాళి కట్టే క్షణం ఫోటోగ్రాఫరు కోసం ఆగదు. మల్కాపురం పెళ్ళిపందిట్లోనైనా అంతే. 1930 ప్రాంతంలో వాడుకలోకి వచ్చిన ఫ్లాష్ బల్బు ఒక్కసారి వెలిగి మాడిపోయేది. కొత్త బల్బు తగిలించేలోగా ముహూర్తం దాటిపోవచ్చు.

1931లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో హెరాల్డ్ ఎడ్జర్టన్, కండెన్సరులో నింపిన విద్యుత్తును గాజుగొట్టంలోనికి ఒక్కుమ్మడిగా వదిలి, మళ్ళీ మళ్ళీ వెలిగే దీపాన్ని సాధించాడు. అయితే కండెన్సరు తిరిగి నిండాలి గదా! ఆలస్యమంతా అక్కడే. 1960ల మధ్య వచ్చిన స్వయంచాలక ఫ్లాష్, చాలినంత వెలుతురు కాగానే ఆరినా, మిగిలిన విద్యుత్తును వృథా చేసేది. 1970లలో థైరిస్టరు ఆ శేషాన్ని కండెన్సరులోనే నిలిపింది. గడుసుపని ఇదే, దగ్గరి బొమ్మలకు నిరీక్షణ బాగా తగ్గింది.

బాటరీ సంగతి వేరు. అంతర్నిరోధం తక్కువగల నికెల్ మెటల్ హైడ్రైడ్ ఘటాలు ఆల్కలైన్ ఘటాలకంటె త్వరగా నింపుతాయి. వెలుగును నాలుగోవంతుకు దించితే, ప్రతి మెరుపుకూ తిరిగి నింపవలసిన శక్తి కూడా సుమారు నాలుగోవంతే.