కిండర్‌గార్టెన్ ఏ భాషలో మొదలైంది?

సెప్టెంబరు వచ్చేసరికి మనవాళ్ళ ఇళ్ళలో ఐదేళ్ళు నిండిన పిల్లలు పసుపుపచ్చ బస్సు ఎక్కుతారు. అంతవరకు ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడిన పిల్లలే క్రిస్మస్ సెలవుల నాటికి మనం తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పడం మొదలుపెడతారు. తప్పు బడిదని కొందరు, తల్లిదండ్రులదని కొందరు అంటుంటారు. ఆ వాదం అలా ఉంచి, అసలీ కిండర్‌గార్టెన్ ఈ దేశానికి ఎలా వచ్చిందో, అందులో పిల్లలకు ఏం నేర్పేవారో చూస్తే ఒక వింత కనిపిస్తుంది. అమెరికాలో మొట్టమొదటిదిగా చెప్పుకునే కిండర్‌గార్టెన్ ఇంగ్లీషులో నడవలేదు.

ఈ బడికి మూలపురుషుడు ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ అనే జర్మన్ పంతులు. 1837లో బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో చంటిపిల్లల కోసం ఒక బడి పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టాడు. పేరుకే కాదు, నిజంగానే పిల్లలు మొక్కలు పెంచేవారు. పలకా లేదు, అక్షరాలూ లేవు. ఆరు రంగుల ఊలు బంతులు, కొయ్య గోళం, ఘనం, స్తంభం, ఎనిమిది ముక్కలుగా విడదీసి మళ్ళీ పేర్చే పెట్టె, వీటికి ఆయన 'కానుకలు' అని పేరు పెట్టాడు. కాగితం మడవడం, కాగితపు పట్టీలతో చాప అల్లినట్టు అల్లడం, మట్టితో బొమ్మలు చేయడం, చేతివేళ్ళతో అభినయిస్తూ పాడడం ఆ పిల్లల చదువు. తల్లులు పిల్లల్ని ఆడిస్తూ పాడే పాటల తరహాలో 1844లో ఒక పుస్తకమే వేశాడు. తల్లి ఒడిలో జరిగేదే మొదటి పాఠమని ఆయన నమ్మకం.

1851లో ప్రష్యా ప్రభుత్వం ఈ బడులు నాస్తికత్వం, సోషలిజం నూరిపోస్తున్నాయని నిషేధించింది. ఫ్రోబెల్ అన్నకొడుకు రాతలను ఈయనకు అంటగట్టారంటారు. ఊలు బంతులకు భయపడిన ప్రభుత్వం చరిత్రలో మరొకటి ఉందేమో తెలియదు! మరుసటి సంవత్సరమే ఆయన చనిపోయాడు. 1860లో గానీ నిషేధం తొలగలేదు.

ఈలోగా, 1848 విప్లవం విఫలమయ్యాక దేశం విడిచిన జర్మన్లు ఈ విద్యను తమ వెంట తెచ్చుకున్నారు. హాంబర్గులో ఫ్రోబెల్ ఉపన్యాసాలు విన్న మార్గరెట్ షుర్ట్స్ వారిలో ఒకామె. భర్త కార్ల్ షుర్ట్స్ తరువాత సెనేటరు, మంత్రి కూడా అయ్యాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్‌లో 1856లో ఆమె తన కూతురు అగాథాను, చుట్టాల పిల్లలు కొందరిని ఇంట్లో కూర్చోబెట్టుకుని ఆటలు, పాటలు మొదలుపెట్టింది. అంతా జర్మన్‌లోనే. 1859లో బోస్టన్‌లో ఆ అగాథా నడవడి చూసి ముచ్చటపడిన ఎలిజబెత్ పీబాడీ, మరుసటి సంవత్సరం ఇంగ్లీషులో మొదటి కిండర్‌గార్టెన్ తెరిచింది. 1873లో సెయింట్ లూయిస్‌లో సూసన్ బ్లో ప్రభుత్వ బడిలోనే దాన్ని ప్రవేశపెట్టింది.

అక్కడినుంచి కథ మారింది. 1880, 90లలో పెద్ద నగరాల్లో ధర్మసంస్థలు వలసవచ్చినవారి పేటల్లో ఇటువంటి బడులు నడిపాయి. ఇంగ్లీషు, అమెరికన్ అలవాట్లు పిల్లలకు నేర్పి, వారి ద్వారా ఇంటికి చేర్చడం వాటి ఉద్దేశాల్లో ఒకటి. పొద్దున పాఠం చెప్పిన టీచరమ్మ మధ్యాహ్నం ఇళ్ళకు వెళ్ళి తల్లులతో మాట్లాడేది. వలసవాళ్ళు తమ భాషలో మొదలుపెట్టిన బడి, వలసవాళ్ళ భాష మార్చే బడి అయింది. (అన్నట్టు, మన ఇళ్ళలో కేకు కోసేటప్పుడు పాడే పుట్టినరోజు పాట బాణీ కూడా కెంటకీలోని హిల్ అక్కచెల్లెళ్ళు 1893లో కిండర్‌గార్టెన్ పిల్లల ఉదయపు పలకరింపుకోసం అచ్చువేసినదే.)

మన దేశంలో పద్ధతి వేరు. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి రాసిన నివేదికలో, ఐదో ఏట పిల్లవాణ్ణి వినాయకుడి ఎదుట కూర్చోబెట్టి బియ్యంలో వేలితో దేవుడి పేరు రాయించి, మర్నాటినుంచి చదువు మొదలుపెడతారని వర్ణించాడు. ఆ జిల్లాలో తెలుగు బడులూ, కన్నడ బడులూ ఉండేవి. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ఐదో ఏటే అక్షరమేమిటని ఫ్రోబెల్ అనేవాడేమో. కాని ఆ పిల్లవాడికి మాటకు కొదవ లేదు. అమ్మమ్మ, వీధి, గుడి, కొట్టు అన్నీ అతనికి భాష నేర్పేశాయి. మిగిలింది అక్షరమే. ఇక్కడి మన పిల్లలకు కరువైంది మాట. అందుకే ఆదివారం తెలుగు తరగతిలో ఐదేళ్ళవాళ్ళ చేత గుణింతాలు దిద్దించడం కన్న చెమ్మచెక్క, దాగుడుమూతలు, వామనగుంటలు ఆడించడం మేలని నా అభిప్రాయం. గవ్వలు లెక్కపెడితే అంకెలు కూడా తెలుగులోనే వస్తాయి.

బడిలో ఎలాగూ అక్షరాల పని పెరిగింది. 2010లో వచ్చి చాలా రాష్ట్రాలు స్వీకరించిన కామన్ కోర్ ప్రమాణాల ప్రకారం కిండర్‌గార్టెన్ ముగిసేసరికి పిల్లలు పెద్దబడి, చిన్నబడి అక్షరాలన్నీ గుర్తుపట్టాలి, నూరుదాకా లెక్కపెట్టాలి, ఇరవైదాకా రాయాలి, పదిలోపు కూడికలు, తీసివేతలు చేయాలి. పిల్లలు ఆ ఏడాదే చదవడం నేర్వాలన్న టీచర్లు 1998లో 31 శాతం, 2010లో 80 శాతమని ఒక పరిశోధనలో తేలింది. ఊలు బంతులు ఎటుపోయాయో!

వాటర్‌టౌన్ బడి మొదటి ప్రపంచయుద్ధం దాకా నడిచి, జర్మన్ భాషమీద రేగిన వ్యతిరేకతకు మూతపడింది. 1919లో నెబ్రాస్కా రాష్ట్రం ఎనిమిదో తరగతి పూర్తికాని పిల్లలకు ఇంగ్లీషు కాని భాష నేర్పడమే నేరమంది. జర్మన్‌లో చదవడం నేర్పిన మేయర్ అనే ఉపాధ్యాయుడికి జరిమానా పడింది. 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. మన శని, ఆదివారపు తెలుగు తరగతులకు కూడా ఆ తీర్పు అండ ఉంది.

మార్గరెట్ షుర్ట్స్ బడి నడిచిన చిన్న కట్టడాన్ని 1956లో అదే ఊళ్ళోని ఆక్టగన్ హౌస్ ఆవరణలోకి తరలించి భద్రపరిచారు. వాటర్‌టౌన్ మిల్వాకీకి, మాడిసన్‌కు మధ్య ఉంది. అటు వెళ్ళేవాళ్ళు తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కుని వెళితే పిల్లలకు చూపించవచ్చు.