ఆమె ‘సరే’ అనేదాకా

1723లో యానాంలో కొట్టు తెరిచిన ఫ్రెంచివారు బేరాలు గిట్టక 1727లో దాన్ని వదిలేసి వెళ్లిపోయారు. ఆ ఏడు చివరి రోజున, డిసెంబరు 31న, పారిస్‌లో మారివో రాసిన కొత్త హాస్య నాటకానికి తెర లేచింది. దాని పేరును ‘ప్రేమ రెండోసారి ఆశ్చర్యపరిస్తే’ అని తెలుగు చేసుకోవచ్చు. రెండేళ్లు ప్రేమించి పెళ్లాడిన భర్త నెల తిరిగేసరికి పోయాడని కుమిలిపోతున్న ఓ సంపన్న వితంతువు, వలచిన పిల్ల కన్యకల మఠంలో చేరిపోయిందని డీలాపడ్డ ఓ యువకుడు దుఃఖం పంచుకుందామని స్నేహం కలుపుతారు. ఇది స్నేహమేనని ఇద్దరూ ఎంత బుకాయిస్తే చూసేవాళ్లకు అంత నవ్వు.

ఆ నవ్వు వెనక న్యాయశాస్త్రం ఉంది. ఆనాటి ఫ్రాన్సులో పెళ్లికాని పిల్ల తండ్రి చాటున, పెళ్లైన స్త్రీ భర్త చాటున బతకాలి. భర్త పోయిన స్త్రీ మాత్రం తన ఆస్తికీ తన నిర్ణయాలకూ తానే యజమాని. అవుననాలో కాదనాలో ఆమే తేల్చుకోవాలి కనుకనే ఆ తటపటాయింపు మూడు అంకాల పొడుగునా రక్తి కట్టింది.

ఫ్రెంచివారు యానానికి తిరిగొచ్చారు గానీ ఆ వెసులుబాటును వెంట తేలేదు. హిందువుల పెళ్లిళ్లను వారి ఆచారానికే వదిలేశారు. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ, కోరుకున్నవారు ఆచారాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి రావచ్చని చెప్పింది. అదే ఏడు డిసెంబరు 11న, ఎగువన రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. ఉద్యమానికి డబ్బు సాయం కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యది. బ్రిటిషు చట్టం 1856లోనే సరేనన్నా, గోదావరి ఒడ్డున పందిరి పడడానికి పాతికేళ్లు పట్టింది. అప్పటికీ వాదమంతా పెళ్లి గురించే, శాస్త్రం ఒప్పుతుందా లేదా అనే. ప్రేమ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఎత్తింది గురజాడ, అదీ నవ్విస్తూ. 1892లో విజయనగరంలో ఆడిన ‘కన్యాశుల్కం’లో బాల వితంతువు బుచ్చమ్మకు గిరీశం వల వేస్తాడు. 1909 నాటి రెండో కూర్పులో అతన్ని నమ్మి ఆమె ఇల్లు దాటుతుంది. కథ ముగిసేసరికి సౌజన్యారావు పంతులు చొరవతో పూనాలోని వితంతువుల ఆశ్రమానికి చేరుతుంది. నాటకం ఆమెను మోసం నుంచి కాపాడింది, చదువు దారి చూపింది. రెండో ప్రేమను మాత్రం ఇవ్వలేకపోయింది.

ఇక యానాం సంగతి. 1930 ఏప్రిల్ 1న శారదా చట్టం అమల్లోకి వచ్చి వధువుకు 14 ఏళ్లు, వరుడికి 18 నిండాలంది. అది బ్రిటిషు ఇండియా చట్టం, ఫ్రెంచి ఎల్లలో చెల్లదు. చుట్టుపక్కల జిల్లాల వాళ్లు పసిపిల్లలను వెంటబెట్టుకుని యానాం వచ్చి ముడి వేయించారు. ఊరికి కళ్యాణపురమని పేరొచ్చింది. వితంతువు మనసును కథానాయికగా నిలబెట్టిన దేశపు జెండా నీడలో, ఊహ తెలియని పిల్లలకు తాళి పడింది. బుచ్చమ్మలు తయారయ్యేది అలాంటి పందిళ్లలోనే.

సినిమా వచ్చాక వితంతు వివాహం మీద బి.ఎన్.రెడ్డి 1940లో ‘సుమంగళి’ తీశారు. 1986లో కె.విశ్వనాథ్ ‘స్వాతిముత్యం’లో అమాయకుడు శివయ్య వితంతువు లలిత మెడలో అడగకుండానే తాళి కట్టేస్తాడు. ఆమె మనసు ఆ తర్వాత మెల్లగా కరుగుతుంది. 2011 నాటి ఫ్రెంచి చిత్రం ‘లా డెలికాటెస్’లో భర్తను పోగొట్టుకున్న నాయిక, ఆఫీసులో ఉన్నట్టుండి ఓ సహోద్యోగికి తానే ముద్దు పెడుతుంది. బిత్తరపోవడం అతని వంతు. లలితను మనం మనసారా దీవించాం. ఆమెను ముందుగా అడగాలని మాత్రం మనకు తోచలేదు.