అశ్వశక్తికి కళ్ళెం వేసిన రెండు కాగితాలు

అమెరికాలో ఉద్యోగానికొచ్చిన మన కుర్రాళ్ళలో ఒక రకం వాళ్ళుంటారు. మొదటి ఆర్నెల్లూ రూమ్మేట్ కారులో ఆఫీసుకెళ్ళి, తర్వాత ఓ శనివారం నేరుగా షోరూముకెళ్ళి మస్టాంగ్ టెస్ట్ డ్రైవ్ చేసొస్తారు. నెలవారీ వాయిదా లెక్కేసుకుంటే ఫర్వాలేదనిపిస్తుంది. అప్పుడు ఇన్సూరెన్సు కంపెనీకి ఫోన్ చేస్తారు. వయసు పాతికలోపు, పెళ్ళి కాలేదు, ఈ దేశంలో లైసెన్సొచ్చి నాలుగు నెలలు. అవతలివాళ్ళు చెప్పిన అంకె విన్నాక, రెండు వారాల్లో ఓ పాత కామ్రీ ఇంటికొస్తుంది. "మైలేజీ బాగుంటుందిరా" అని అందరికీ చెప్తారు :)

ఇదేదో మనకే కొత్తగా వచ్చిన కష్టం అనుకోకండి. 1970 ప్రాంతంలో ఇదే కష్టం అమెరికా కుర్రకారు మొత్తానికి ఒకేసారి వచ్చింది. వచ్చి, ఒక జాతి కార్లని దాదాపు తుడిచిపెట్టేసింది. అవే మజిల్ కార్లు.

"అదేంటి, వాటిని చంపింది 1973 చమురు సంక్షోభం కదా?" అంటారేమో. అందరూ చెప్పే కథ అదే. కానీ పోంటియాక్ జీటీఓ అమ్మకాలు చూడండి (మోడల్ సంవత్సరాల లెక్కలో). 1966లో 96,946. 1969లో 72,287. 1970లో 40,149. 1971లో 10,532. 1972లో 5,807. అరబ్ దేశాలు చమురు ఆపింది 1973 అక్టోబరులో. అప్పటికే పాడె కట్టేసారన్నమాట. 1970 చివర్లో జనరల్ మోటార్స్‌లో 67 రోజుల సమ్మె జరిగింది కాబట్టి 1971 అంకెలో కొంత పాపం సమ్మెదే. మరి ఆ సమ్మెతో సంబంధం లేని క్రైస్లర్ వాళ్ళ ప్లిమత్ రోడ్ రన్నర్? అది కూడా 1969లో 80 వేల పైచిలుకు నుంచి 1971లో 14 వేల చిల్లరకి పడిపోయింది. రెండేళ్ళలో జనానికి వేగం మీద మోజు పోయిందంటే నేను నమ్మను.

అసలు ఈ జాతి పుట్టుకే ఒక వర్కరౌండ్. 1963లో జనరల్ మోటార్స్ యాజమాన్యం తన విభాగాలన్నిటినీ రేసింగుకి దూరంగా ఉండమంది. మధ్యస్థ సైజు కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు (5.4 లీటర్లు) మించిన ఇంజన్ పెట్టకూడదని కూడా ఒక రూలుంది. పోంటియాక్ చీఫ్ ఇంజనీరు జాన్ డిలోరియన్ బృందం ఆ రూలుని జాగ్రత్తగా చదివింది. మామూలుగా అమ్మే మోడల్‌కే కదా రూలు, కొనేవాడు అడిగి తగిలించుకునే ఆప్షన్‌కి కాదు కదా! అలా 1964 టెంపెస్ట్ లెమాన్స్‌లో 389 క్యూబిక్ అంగుళాల (6.4 లీటర్ల) ఇంజన్ ఆప్షన్‌గా దూరింది. 325 హార్స్‌పవర్. ఆ ఆప్షన్ ఖరీదు 300 డాలర్ల లోపే. మొదటి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి. మిగతా కంపెనీలు ఊరుకుంటాయా? మన ఇంజనీరింగ్ కాలేజీల్లాగా వీధికొకటి పుట్టుకొచ్చాయి.

ఇక్కడే ఇన్సూరెన్సు వాళ్ళ లెక్క తప్పింది. అప్పట్లో కారు డ్యామేజీకి ప్రీమియం కట్టడంలో ముఖ్యంగా చూసేది కారు ధర, నడిపేవాడి వయసు, ఉండే ఊరు. 3 వేల డాలర్ల జీటీఓ అయినా, 3 వేల డాలర్ల ఫ్యామిలీ కారయినా ధర కాలమ్‌లో ఒకటే. కానీ మజిల్ కారు కిటుకంతా అదే, తక్కువ ధరకి ఎక్కువ శక్తి. ఇరవై రెండేళ్ళ కుర్రాడు రెడ్ లైట్ దగ్గర పక్క కారుతో పందెం వేస్తాడన్న సంగతి ఆ టేబుల్లో ఎక్కడా లేదు. క్లెయిములు కుప్పలుగా వచ్చిపడ్డాక, 1960ల చివర్లో టేబుల్‌కి కొత్త కాలమ్ కలిపారు. కారు బరువుని హార్స్‌పవర్‌తో భాగించు, వచ్చిన అంకె ఒక గీత కింద ఉంటే అదనపు వడ్డింపు. పాతికేళ్ళలోపు పెళ్ళికాని మగవాడైతే వయసు వడ్డింపు దానికి తోడు. కొంతమందికి ఇన్సూరెన్సు వాయిదా కారు వాయిదాని దాటిపోయింది. కొన్ని కంపెనీలైతే అసలు పాలసీయే ఇవ్వమన్నాయి.

ఒక అంకెకి డబ్బు ముడిపెడితే ఆ అంకెకి ఏమవుతుందో, అప్రైజల్ చూసిన మనకి వేరే చెప్పాలా? కార్ల కంపెనీలు హార్స్‌పవర్ తగ్గించి రాయడం మొదలెట్టాయి. షెవర్లే కమారో జెడ్/28లో 302 క్యూబిక్ అంగుళాల ఇంజన్, కాగితం మీద 290 హార్స్‌పవర్. ఫోర్డ్ బాస్ 302లోనూ 302 క్యూబిక్ అంగుళాలే, అక్కడా 290 హార్స్‌పవరే! ఇద్దరూ కూడబలుక్కున్నట్టు. రెండూ నిజానికి అంతకంటే బాగా ఎక్కువ ఇచ్చేవి. (రేసుల్లో తక్కువ క్లాసులో దూరడానికి కూడా ఇలా రాసేవారు, అన్ని అబద్ధాలూ ఇన్సూరెన్సు కోసమే కాదు.) టెస్ట్ కేసు పాసవడానికి విలువని హార్డ్‌కోడ్ చేయడమంటే ఇదే.

ఇంకో దారి, గీతకి కాస్త ఇవతలే ఆగిపోయే కార్లు చెయ్యడం. 1970లో ప్లిమత్ డస్టర్ 340 (మన రెనో డస్టర్ కాదండోయ్) 2,547 డాలర్లకి 275 హార్స్‌పవర్‌తో వచ్చింది. ఓల్డ్స్‌మొబైల్ వాళ్ళు బంపర్లతో సహా పసుపు రంగు పూసి ర్యాలీ 350 అని దింపారు. చూపులకి పులి, ప్రీమియానికి పిల్లి. అలాంటివి 3,547 మాత్రమే తయారయ్యాయి. పిల్లి అని కుర్రాళ్ళకీ తెలిసిపోయినట్టుంది.

ఇది మొదటి కాగితం. రెండోది వారంటీ.

ఇంజన్, గేర్‌బాక్స్ వంటి భాగాలకి 1963 మోడళ్ళ నుంచి 5 ఏళ్ళు లేదా 50 వేల మైళ్ళ వారంటీ ఇస్తామని క్రైస్లర్ ప్రకటించింది. మిగతావాళ్ళు 12 నెలలు, 12 వేల మైళ్ళ దగ్గరున్న రోజులవి. దెబ్బకి అమ్మకాలు పెరిగాయి, పోటీ కంపెనీలకీ వారంటీ పెంచక తప్పలేదు. కానీ అదే క్రైస్లర్ 1966లో తన ఘనమైన 426 హెమీ ఇంజన్‌ని రోడ్డు కార్లలో పెట్టినప్పుడు ఆ వారంటీ ఇవ్వలేదు. దానికి 12 నెలలు, 12 వేల మైళ్ళే. అది కూడా రేసులాడకపోతేనే. రోడ్ రన్నర్‌లో హెమీ కావాలంటే కారు ధర మీద ఇంకో 700 డాలర్ల పైన పెట్టాలి. అంటే ఎక్కువ డబ్బు కట్టినవాడికి తక్కువ హామీ! 1968లో డ్రాగ్ రేసుల కోసం చేసిన హెమీ డార్ట్ అయితే మరీను. ముందు ఫెండర్లు ఫైబర్‌గ్లాసు, అద్దాలు పల్చన, వెనక సీటే లేదు. ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాం, ఏ వారంటీ వర్తించదు అని కారుకే నోటీసు అంటించి ఇచ్చారు. నా దృష్టిలో అప్పటి కార్ల సాహిత్యం మొత్తంలో నిజాయితీగా రాసిన వాక్యం అదొక్కటే.

ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర హార్స్‌పవర్ తక్కువ చెప్పిన పరిశ్రమ, వారంటీ దగ్గరికొచ్చేసరికి ఆ ఇంజన్ ఎంత మొండిగా వాడబడుతుందో తనకి బాగా తెలుసని ఒప్పేసుకుంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివితే నిజం బయటపడుతుంది.

వారంటీల మీద ఫిర్యాదులు పెరిగి, చివరికి 1975 జనవరిలో మాగ్నసన్-మాస్ చట్టం వచ్చింది. మా పార్టులే వాడాలి, మా దగ్గరే సర్వీసు చేయించాలి, లేకపోతే వారంటీ రద్దు అని షరతు పెట్టడం (వాటిని ఉచితంగా ఇస్తే తప్ప) కుదరదంది. అదే చట్టం ఇంకో తేడా కూడా రాసింది. కారు ధరలో కలిసొచ్చేది వారంటీ, విడిగా డబ్బు కట్టి కొనేది సర్వీస్ కాంట్రాక్ట్. షోరూములో చివరి సంతకాల గదిలో కూర్చోబెట్టి "ఎక్స్‌టెండెడ్ వారంటీ" అని అమ్మేది చట్టం దృష్టిలో ఈ రెండోదే. దాన్ని కారు కంపెనీయే ఇస్తోందా, వేరే ఎవరైనానా, ఏ పార్టుకి వర్తించదు అన్నది చదివాకే సంతకం పెట్టాలి. స్పోర్ట్స్ కారు విషయంలో ఆ "వర్తించదు" జాబితాలోనే అసలు కథంతా ఉంటుంది.

మన దేశంలో పరిస్థితేంటంటే, థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజన్ సీసీ మీద ఆధారపడుతుంది. 2022 జూన్ నుంచి అమలైన రేట్లలో 1000 సీసీ లోపు కారుకి 2,094 రూపాయలు, 1500 దాటితే 7,897. డీజిలు జీపులో నెమ్మదిగా పొలానికెళ్ళే పెద్దాయనా, అదే సీసీ టర్బో కారులో ఔటర్ రింగ్ రోడ్డు మీద దూసుకెళ్ళే కుర్రాడూ ఆ పట్టికలో ఒకటే. కుర్రాడికి లాభం, పెద్దాయనకి నష్టం.

అమెరికాలో 1972లో హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ పెట్టి, ఏ మోడల్‌కి ఎన్ని క్లెయిములొస్తున్నాయో పోగుచేయడం మొదలెట్టారు. అంటే రాసిన హార్స్‌పవర్‌ని నమ్మడం మానేసి, జరిగిన నష్టాన్ని కొలవడం. ఇది మెరుగే. అయినా పద్ధతిగా నడిపే ఇరవై రెండేళ్ళవాడు తన ఈడు వాళ్ళందరి పాపానికీ కడుతూనే ఉన్నాడు. మోడల్‌ని కాదు, మనిషినే కొలిస్తే న్యాయం కదా అనిపిస్తుంది.

అదీ మొదలైంది. 2024 మార్చిలో బయటపడిందేంటంటే, జనరల్ మోటార్స్ కార్లు తమ యజమానులు ఎక్కడ గట్టిగా బ్రేకు వేసారో, ఎంత వేగంగా పోయారో నమోదు చేస్తే, ఆ వివరాలు డేటా బ్రోకర్లకి, వాళ్ళ ద్వారా ఇన్సూరెన్సు కంపెనీలకి చేరాయి. ఎందుకో తెలీకుండానే ప్రీమియం పెరిగినవాళ్ళున్నారు. గొడవయ్యాక కంపెనీ ఆపేసింది. 2025 జనవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అలాంటి వివరాలు అయిదేళ్ళపాటు ఆ బ్రోకర్లకి ఇవ్వకూడదన్న ఆంక్ష ప్రకటించింది. 1969లో కొనేవాడి పక్షాన నిలబడి ఇన్సూరెన్సు వాళ్ళకి అబద్ధం చెప్పిన కంపెనీయే ఇది. యాభై అయిదేళ్ళలో పక్షం మారిపోయింది. అప్పుడూ ఇప్పుడూ చూసుకున్నది తన అమ్మకమే అనుకోండి, అది వేరే విషయం.

1971లో హెమీ ఇంజన్‌తో ప్లిమత్ కుడా కన్వర్టిబుల్ కార్లు పదకొండే తయారయ్యాయి. ప్రీమియం భరించి కొనే నాథుడు అప్పటికే కరువయ్యాడు. 2014లో వాటిల్లో ఒకటి వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. దాన్ని కొత్తగా చూసి, కొనగలిగి కూడా ఇన్సూరెన్సు లెక్క విని వెనక్కి తిరిగిన కుర్రాళ్ళకి ఇప్పుడు డెబ్బై అయిదేళ్ళు దాటుంటాయి. వాళ్ళల్లో చాలామంది ఆ తర్వాత ఏ కామ్రీయో కొనుక్కునుంటారు.